కారు లేకుండా లండన్‌లో తిరగడం ఎలా?

లండన్‌లో కారు ఉన్నవాళ్లు కూడా దాన్ని నగరం నడిబొడ్డుకు తీసుకుపోవడానికి వెనకాడతారు. 2003 ఫిబ్రవరి నుంచి అక్కడ రద్దీ రుసుము వసూలు చేస్తున్నారు; కాలుష్య ప్రమాణాలకు తూగని బండి అయితే 2023 ఆగస్టు నుంచి నగరంలో ఏ మూల నడిపినా మరో రుసుము పడుతుంది; ఇవన్నీ కట్టిన తరువాత కూడా బండి నిలుపుకోవడానికి చోటు దొరుకుతుందన్న భరోసా లేదు. కాబట్టి కారు లేదని ఇక్కడ ఎవరూ దిగులు పడనక్కరలేదు. అసలు ఇబ్బంది ఏమిటంటే, అండర్‌గ్రౌండ్ అని కూడా పిలిచే ట్యూబ్ రైలు, బస్సు, ఓవర్‌గ్రౌండ్, డీఎల్‌ఆర్, ఎలిజబెత్ లైన్ అనే మరో మూడు రకాల రైళ్లు అంటూ ఇన్ని ఉన్నప్పుడు దేన్ని ఎప్పుడు ఎక్కాలో తెలియక కొత్తవాళ్లు ప్రతి పనికీ ట్యూబ్‌నే పట్టుకుని, మొదటి నెలలో అవసరానికి మించి ఖర్చు పెట్టేస్తారు. దూరానికి రైలు, దగ్గరికి బస్సు, నగరం మధ్యలో కాళ్లు అన్నది నేను పాటించే లెక్క. ఆ లెక్క మీకూ అలవాటు కావాలన్న ఉద్దేశంతో, తూర్పు లండన్‌లోని ఈస్ట్‌హామ్‌లో గది తీసుకున్న ఒక కొత్త మనిషిని ఊహించుకుని ఈ క్రమం రాస్తున్నాను. ఇక్కడికి చదువుకు వచ్చే మన పిల్లల్లో ఎందరో మొదట దిగేది ఆ పేటలోనే. మీ గది హౌన్స్‌లోలోనో వెంబ్లీలోనో ఉంటే స్టేషన్ల పేర్లు మార్చుకోండి, పద్ధతి అదే.

1. ఇండియాలో ఉండగానే కార్డు సిద్ధం చేసుకోండి

లండన్ బస్సుల్లో 2014 జులై నుంచి నగదు తీసుకోవడం లేదు. డ్రైవరు ముందు నోటు చాచి నిలబడితే ఆయన మర్యాదగానే తల అడ్డంగా ఊపుతాడు. అక్కడ కావలసింది తాకితే పనిచేసే బ్యాంకు కార్డు, లేదా అలాంటి కార్డు ఎక్కించిన ఫోను, లేదా ఆయిస్టర్ అనే ప్రయాణపు కార్డు. మన దేశపు వీసా, మాస్టర్ కార్డులు పనికొస్తాయి గానీ, 2020లో రిజర్వు బ్యాంకు తెచ్చిన నిబంధన వల్ల కొత్తగా ఇచ్చే కార్డుల్లో విదేశీ వాడకం, తాకి చెల్లించే సదుపాయం మొదట మూసి ఉంటాయి. విమానం ఎక్కే ముందే బ్యాంకు యాప్‌లో ఆ రెండింటినీ తెరుచుకోండి. దిగాక గేటు ముందు నిలబడి ఓటీపీ కోసం ఎదురు చూసే అవస్థ తప్పుతుంది. రూపే కార్డు ఒక్కటే ఉన్నవారు దాని మీద ఆధారపడకూడదు. ప్రతి ప్రయాణానికీ విదేశీ మారకపు రుసుము పడటం ఇష్టం లేనివారు స్టేషన్‌లోని యంత్రంలో ఆయిస్టర్ కొనుక్కోవచ్చు. అయితే ఆ కార్డుకు విడిగా కట్టే ధర తిరిగి రాదు.

విద్యార్థులు ఒక విషయం గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. 16-25 రైల్‌కార్డు అనే రాయితీ కార్డు పూర్తికాల విద్యార్థి అయితే పాతికేళ్లు దాటినవారికి కూడా ఇస్తారు. దాన్ని ఆయిస్టర్‌తో పాటు ట్యూబ్ స్టేషన్‌కు తీసుకువెళ్లి, అక్కడి సిబ్బందిని అడిగి రెండింటినీ కలిపించుకుంటే రద్దీ లేని వేళల్లో రైలు ఛార్జీలో మూడో వంతు తగ్గుతుంది. ఈ రాయితీ బ్యాంకు కార్డుకు ఎక్కదు, ఆయిస్టర్‌కు మాత్రమే ఎక్కుతుంది. ఇది తెలియక రెండేళ్ల చదువూ పూర్తి ఛార్జీతోనే ముగించినవాళ్లు నాకు తెలుసు.

2. హీత్రూ నుంచి ఇంటికి

విమానాశ్రయం నుంచి వేగంగా రావాలంటే ఎలిజబెత్ లైన్ ఎక్కి వైట్‌చాపెల్‌లో దిగి, డిస్ట్రిక్ట్ అనే ట్యూబ్ లైన్‌లోకి మారాలి. తక్కువ ఖర్చుతో రావాలంటే పికడిల్లీ అనే ట్యూబ్ లైన్ ఎక్కాలి. నగరం మధ్యకు ఎలిజబెత్ లైన్ ఛార్జీ పికడిల్లీ ఛార్జీకి రెట్టింపుకు పైగా ఉంటుంది కాబట్టి, చీకటి పడకముందు దిగినవారికి నేను రెండోదే చెబుతాను. ఏ టెర్మినల్‌లో దిగినా రెండు లైన్లూ అందుబాటులోనే ఉంటాయి.

పికడిల్లీ బోగీలు చిన్నవి, పైకప్పు గుండ్రంగా వంగి ఉంటుంది. రెండు పెద్ద పెట్టెలతో ఎక్కినప్పుడు తలుపు పక్కన గోడకు ఆనుకునే ఖాళీ చోటు చూసుకోండి. హీత్రూ ఆ లైన్‌కు ఒక చివర కాబట్టి కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. ఎక్కాక చేయవలసింది ఒక్కటే: హామర్‌స్మిత్‌లో దిగడం. అక్కడ పికడిల్లీ రైలు ఆగిన ప్లాట్‌ఫాంకు అవతలి అంచునే తూర్పుకు పోయే డిస్ట్రిక్ట్ రైలు ఆగుతుంది. మెట్లు లేవు, ఎస్కలేటర్ లేదు. పెట్టెలు పది అడుగులు లాగితే చాలు. పైనున్న బోర్డులో అప్‌మిన్‌స్టర్ అనో బార్కింగ్ అనో కనబడిన రైలు ఎక్కి కూర్చుంటే ఈస్ట్‌హామ్‌లోనే దిగవచ్చు. మొత్తం గంటన్నర పడుతుందనుకోండి. పటంలో దగ్గరగా కనబడుతోందని పెట్టెలతో నగరం మధ్యదాకా వెళ్లి అక్కడ లైన్లు మారబోతే, ఆ సొరంగాల మలుపుల్లో, మెట్ల మీద చేతులు పడిపోతాయి.

3. ట్యాప్ చేయడం నేర్చుకోండి

రైలు ఏదైనా లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి పసుపు రంగు గుండ్రటి రీడర్‌కు కార్డు తాకించాలి. బస్సులో ఎక్కేటప్పుడు మాత్రమే, దిగేటప్పుడు తాకించకూడదు. గేటు ఉన్న స్టేషన్‌లో మరిచిపోవడానికి వీలుండదు, గేటే గుర్తు చేస్తుంది. ప్రమాదమంతా గేటు లేని స్టేషన్లలో ఉంది. కానరీ వార్ఫ్ వైపు పోయే డీఎల్‌ఆర్ స్టేషన్లలో చాలావాటికి గేట్లు ఉండవు. రీడరు ఒక కంబం మీద ఒంటరిగా నిలబడి ఉంటుంది. మాటల్లో పడి దాన్ని దాటి వెళ్లిపోతే, మీరు ఎక్కడ దిగారో యంత్రానికి తెలియదు కాబట్టి గరిష్ఠ ఛార్జీ వేసేస్తుంది. స్టేషన్ లోపల గడపగలిగే సమయానికి కూడా హద్దు ఉంది. ప్లాట్‌ఫాం మీద స్నేహితులతో గంటల తరబడి కబుర్లు పెట్టుకున్నా అదే ఛార్జీ పడుతుంది.

వచ్చిన మొదటి వారంలో నేను చేసిన తప్పు వేరు. వెళ్లేటప్పుడు ఫోను తాకించాను. దిగేసరికి ఫోను మీద పాట నడుస్తోందని జేబులోంచి కార్డు తీసి తాకించాను. రెండింటి వెనకా ఉన్న బ్యాంకు ఖాతా ఒకటే కదా అనుకున్నాను. యంత్రం కంటికి అవి ఇద్దరు మనుషులు: ఒకడు లోపలికి వెళ్లి బయటికి రాలేదు, మరొకడు లోపలికి వెళ్లకుండానే బయటికి వచ్చాడు. ఇద్దరికీ గరిష్ఠ ఛార్జీ పడింది. కాబట్టి ఉదయం ఏది తాకించారో రాత్రి వరకూ దాన్నే వాడండి, ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉంచుకోండి. ఒకే కార్డుతో ఇద్దరు గేటు దాటలేరు.

ఒకే కార్డును ఇలా వాడితే మరో మేలు ఉంది. రోజుకు ఇంత, సోమవారం నుంచి ఆదివారం వరకు వారానికి ఇంత అని మీరు తిరిగిన జోన్లను (ఛార్జీల కోసం నగరాన్ని విడదీసిన భాగాలను) బట్టి పైపరిమితి ఉంటుంది; దాన్ని చేరిన తరువాత ఎన్నిసార్లు ఎక్కినా డబ్బు పడదు. పాసు ముందుగా కొనాలా వద్దా అని తల బద్దలు కొట్టుకోవలసిన పని దాదాపుగా పోయింది. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 6.30 నుంచి 9.30 వరకు, సాయంత్రం 4 నుంచి 7 వరకు రద్దీ వేళ. ఆ సమయంలో రైలు ఛార్జీ ఎక్కువ. బస్సుకు ఆ తేడా లేదు.

4. ట్యూబ్ పటాన్ని నమ్మవలసినంతే నమ్మండి

ప్రతి స్టేషన్ గోడ మీదా కనిపించే ఆ రంగురంగుల పటాన్ని హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ రూపొందించగా 1933లో అచ్చు వేశారు. గీతలు నిటారుగానో అడ్డంగానో, లేదా 45 డిగ్రీల వంపుతోనో ఉంటాయి. ఏ స్టేషన్ తరువాత ఏది వస్తుందో, ఎక్కడ మారాలో అది చెబుతుంది. ఎంత దూరమో చెప్పదు. లెస్టర్ స్క్వేర్, కోవెంట్ గార్డెన్ స్టేషన్ల మధ్య దూరం పావు కిలోమీటరు; కిందికి దిగి, రైలు కోసం ఆగి, మళ్లీ పైకి వచ్చే లోపల నడిచినవాడు అక్కడికి చేరి టీ తాగుతూ ఉంటాడు. నగరం మధ్యలో రెండు స్టేషన్ల దూరమే అయితే ఫోనులో నడక దారి కూడా ఒకసారి చూడండి. వీధుల్లో నిలబెట్టిన నిలువెత్తు పటాల్లో మీరు నిలబడి చూస్తున్న దిక్కే పైవైపు ఉంటుంది, అయిదు నిమిషాల్లో ఎంత మేర నడవగలరో వలయం గీసి చూపిస్తారు. ఫోను ఛార్జింగు అయిపోయిన రోజున వాటి విలువ తెలుస్తుంది.

ప్లాట్‌ఫాం మీదికి వెళ్లే ముందు రెండు చూసుకోవాలి: లైను రంగు, రైలు ముఖాన రాసిన చివరి స్టేషన్. డిస్ట్రిక్ట్ లైన్‌కు పడమటి వైపు కొమ్మలు చాలా ఉన్నాయి; ఎర్ల్స్‌కోర్ట్ దాటి పడమరకు వెళ్లేటప్పుడు పేరు చదవకుండా ఎక్కితే రిచ్‌మండ్‌కు బదులు వింబుల్డన్‌లో తేలతారు. నార్తర్న్ లైన్ నగరం మధ్యలో రెండుగా చీలి, ఒకటి బ్యాంక్ మీదుగా, మరొకటి చారింగ్ క్రాస్ మీదుగా పోతుంది. ఒకే పేరున్న స్టేషన్లు కూడా తికమక పెడతాయి. పైన చెప్పిన హామర్‌స్మిత్‌లోనే రోడ్డుకు అవతల మరో హామర్‌స్మిత్ ఉంది. హామర్‌స్మిత్ అండ్ సిటీ లైన్ అక్కడి నుంచి బయలుదేరుతుంది. దానికోసం గేటు దాటి, రోడ్డు దాటి మళ్లీ ట్యాప్ చేయాలి. త్వరగా చేస్తే రెండూ కలిపి ఒకే ప్రయాణంగా లెక్కిస్తారు. పటంలో ఓవర్‌గ్రౌండ్ లైన్లు 2024 చివరి వరకు అన్నీ ఒకే నారింజ రంగులో ఉండేవి. ఇప్పుడు వాటిని లయనెస్, మిల్డ్‌మే, విండ్‌రష్, వీవర్, సఫ్రజెట్, లిబర్టీ అని ఆరు పేర్లతో, ఆరు రంగులతో విడదీశారు. పాత పటం ఫోనులో దాచుకున్నవారు దాన్ని తీసివేయండి.

5. బస్సును చిన్నచూపు చూడకండి

2025 నాటికి బస్సు ఛార్జీ 1.75 పౌండ్లు, దూరంతో సంబంధం లేదు. మొదటి బస్సులో తాకించిన గంటలోపు ఇంకెన్ని బస్సులు మారినా మళ్లీ ఛార్జీ పడదు. చివరి బస్సు దిగడం గంట దాటాక అయినా ఫరవాలేదు, ఎక్కి తాకించడం గంటలోపు జరగాలి. రోజంతా బస్సుల్లోనే తిరిగితే 5.25 పౌండ్ల దగ్గర లెక్క ఆగిపోతుంది, అంటే మూడు ఛార్జీలు కట్టాక మిగిలినదంతా ఉచితమే. జేబు చూసుకుని నడిచే నెలల్లో ఇంతకంటే మంచి బేరం ఈ నగరంలో లేదు.

ఎక్కే పద్ధతి ఇది. ఒకే కూడలిలో నాలుగైదు స్టాపులు ఉంటాయి కాబట్టి స్తంభం నెత్తిన ఉన్న అక్షరం చూసి మీ స్టాపు ఏదో పోల్చుకోండి. ఎదురుగా బస్సు కనబడగానే చెయ్యి చాచండి. వరసలో నిలబడితే చాలు, ఆగుతుందిలే అనుకుంటే కొన్నిసార్లు మీ ముందు నుంచే వెళ్లిపోతుంది. ముందు తలుపులో ఎక్కి మధ్య తలుపులో దిగాలి. మీ స్టాపు పేరు వినిపించగానే కంబానికి ఉన్న ఎర్ర బొత్తాం నొక్కండి, ఒకసారి చాలు. మన ఆర్టీసీ బస్సులో లాగా ముందుగా లేచి తలుపు దగ్గర నిలబడవలసిన పనిలేదు, పై అంతస్తులో ఉంటే మాత్రం కాస్త ముందే దిగడం మొదలుపెట్టండి.

6. ఒక పూర్తి రోజు

రైలు, బస్సు, నడక ఈ మూడింటినీ కలిపి వాడటం ఎలాగో ఒక శనివారపు ప్రయాణంతో చూపిస్తాను. కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే కోహినూర్ టవర్ ఆఫ్ లండన్‌లో ఉంది. అమరావతి స్తూపపు శిల్పాలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తెలుగువారు ఒక్క రోజులో రెండూ చూడవచ్చు.

ఉదయం ఈస్ట్‌హామ్‌లో పడమటి వైపు పోయే డిస్ట్రిక్ట్ రైలు ఎక్కండి. మారనవసరం లేకుండా టవర్ హిల్‌లో దిగవచ్చు. స్టేషన్ నుంచి పైకి రాగానే కోట ఎదురుగా కనబడుతుంది. దానికి టికెట్ ఉంది, ముందుగా ఆన్‌లైన్‌లో కొనుక్కోవడం మంచిది. కిరీటాల గదిలో మిమ్మల్ని నిలబడనివ్వరు. కదిలే పట్టీ మీద నిలబడి చూస్తూ వెళ్లాలి, తనివి తీరకపోతే వెనక్కి వచ్చి మళ్లీ ఎక్కాలి.

అక్కడి నుంచి మ్యూజియంకు ట్యూబ్‌లో వెళ్లాలంటే ఎంబాంక్‌మెంట్‌లో దిగి నార్తర్న్ లైన్‌లోకి మారి టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌లో దిగాలి. నేనైతే ట్రఫాల్గర్ స్క్వేర్ వైపు పోయే 15వ నంబరు బస్సు ఎక్కి, పై అంతస్తులో ముందు సీటు పట్టుకుంటాను. సెయింట్ పాల్స్ గుమ్మటం, ఫ్లీట్ స్ట్రీట్ అన్నీ ఆ ఛార్జీలోనే కనబడతాయి. ఆల్డ్‌విచ్‌లో దిగి, కింగ్స్‌వే వెంట ఉత్తరానికి పోయే 68, 91 వంటి బస్సును గంటలోపు పట్టుకుంటే మరో ఛార్జీ లేకుండా హోబర్న్ దాటవచ్చు; ఎండ కాస్తున్న రోజయితే పావుగంట, ఇరవై నిమిషాల నడక. మ్యూజియం ప్రవేశం ఉచితం. అమరావతి శిల్పాలు 33ఏ గదిలో అద్దాల వెనక ఉంటాయి. ఆ గది తెరిచి ఉంచే వేళలు మిగిలిన మ్యూజియం వేళల కంటే తక్కువగా ఉండవచ్చు, కాబట్టి లోపలికి వెళ్లగానే ముందు అటు నడవండి.

తిరిగి వచ్చేటప్పుడు టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌లో తూర్పు వైపు పోయే ఎలిజబెత్ లైన్ ఎక్కండి. షెన్‌ఫీల్డ్ అని ఉన్నా ఆబీ వుడ్ అని ఉన్నా రెండూ వైట్‌చాపెల్ మీదుగానే పోతాయి. అక్కడ దిగి డిస్ట్రిక్ట్ లైన్‌లోకి మారితే ఈస్ట్‌హామ్. వైట్‌చాపెల్‌లో ఒక తమాషా ఉంది, ఓవర్‌గ్రౌండ్ రైలు కిందా అండర్‌గ్రౌండ్ రైలు పైనా నడుస్తాయి; పేరును నమ్మి మెట్లు దిగకుండా బోర్డు చదవండి. మీ గది మురుగన్ గుడి వైపు ఉంటే మాత్రం షెన్‌ఫీల్డ్ రైలులోనే కూర్చుని మేనర్ పార్క్‌లో దిగడం సుఖం.

7. అమ్మానాన్నలు, పిల్లలు వచ్చినప్పుడు

పదకొండేళ్లు నిండని పిల్లలకు బస్సులో ఛార్జీ లేదు. ట్యూబ్‌లో ఒక పెద్దవారి వెంట నలుగురి వరకు ఉచితంగా వెళ్లవచ్చు, పక్కనున్న వెడల్పు గేటు వాడండి. 11 నుంచి 15 ఏళ్ల పిల్లలు చుట్టపుచూపుగా వస్తే వారి ఆయిస్టర్ మీద స్టేషన్ సిబ్బంది పద్నాలుగు రోజుల వరకు సగం ధర రాయితీ పెట్టి ఇస్తారు.

పెద్దవాళ్లకు సంబంధించి అసలు చిక్కు మెట్లు. ట్యూబ్ పటంలో చక్రాల కుర్చీ గుర్తు నీలంగా ఉంటే వీధి నుంచి రైలు దాకా మెట్లు లేవని, తెల్లగా ఉంటే ప్లాట్‌ఫాం దాకా మాత్రమే లేవని అర్థం. మోకాళ్ల నొప్పి ఉన్నవారిని తీసుకువెళ్లే ముందు ఈ గుర్తులు చూసి దారి నిర్ణయించుకోండి. మా అమ్మగారు వచ్చిన వేసవిలో కోవెంట్ గార్డెన్‌లో లిఫ్టు దగ్గర జనం ఎక్కువగా ఉన్నారని మెట్లెక్కుదామన్నాను. అది గుండ్రంగా తిరుగుతూ పోయే 193 మెట్ల దారి అని హెచ్చరిక రాసి ఉన్నా చదవలేదు. సగంలో ఆవిడ గోడకు ఆనుకుని నిలబడి, సింహాచలం మెట్లే నయం, అక్కడ పైన దేవుడైనా ఉంటాడన్నారు. ఆ తరువాత ఉన్నన్ని రోజులూ బస్సులోనే తిప్పాను. బస్సు అయితే నేలకు వంగి ఎక్కించుకుంటుంది. నిలబడలేనివారి కోసం, సీటు ఇవ్వమని కోరే నీలిరంగు బ్యాడ్జీ ఉచితంగా ఇస్తారు. డాక్టరు చీటీ అడగరు. నోరు తెరిచి అడగడానికి మొహమాటపడే మన పెద్దవాళ్లకు అది బాగా ఉపయోగపడుతుంది. ఎస్కలేటర్ మీద కుడి పక్కన నిలబడాలని, ఎడమ పక్క నడిచేవారికి వదలాలని కూడా వారికి ముందే చెప్పండి.

8. రాత్రిళ్లు, వారాంతాలు, పండుగలు

శుక్ర, శనివారాల్లో విక్టోరియా, జూబ్లీ, సెంట్రల్, నార్తర్న్, పికడిల్లీ లైన్లలో చాలా భాగం రాత్రంతా రైళ్లు నడుస్తాయి. డిస్ట్రిక్ట్ లైన్ ఆ జాబితాలో లేదు. కాబట్టి ఈస్ట్‌హామ్ వారు అర్ధరాత్రి దాటితే ఎన్ అక్షరంతో మొదలయ్యే రాత్రి బస్సు చూసుకోవాలి. వారాంతాల్లో మరమ్మతుల కోసం ఏదో ఒక లైనులో కొంత భాగం మూసివేయడం ఇక్కడ మామూలు. శుక్రవారం రాత్రే లండన్ రవాణా సంస్థ వారి టీఎఫ్ఎల్ గో యాప్‌లో చూసుకుంటే శనివారం ఉదయం మూసిన గేటు ముందు నిలబడే పని ఉండదు. డిసెంబరు 25న ట్యూబూ బస్సూ ఏవీ నడవవు. ఆ రోజు ఎవరింటికైనా భోజనానికి వెళ్లాలంటే ముందు రాత్రే వెళ్లి అక్కడే పడుకోండి.

రైలూ బస్సూ రెండూ దొరకని వేళ నల్ల టాక్సీని వీధిలో చెయ్యి చూపి ఆపవచ్చు. మిగిలిన టాక్సీలను మాత్రం ముందుగా బుక్ చేసుకోవాలి. స్టేషన్ బయట దగ్గరికి వచ్చి, ఎక్కడికి వెళ్లాలి అని తనంతట తాను అడిగే మనిషి బండి ఎక్కకండి.

9. సోమవారం లెక్క చూసుకోండి

మీ కార్డును ఆన్‌లైన్ ఖాతాలో నమోదు చేసుకుంటే ఎక్కడ ఎక్కారో, ఎక్కడ దిగారో, ఎంత పడిందో ప్రయాణాల వారీగా కనబడుతుంది. ప్రతి సోమవారం టీ తాగుతూ దాన్ని ఒకసారి చూడండి. ఎక్కిన స్టేషన్ ఉండి దిగిన స్టేషన్ లేని ప్రయాణం కనబడితే అది అసంపూర్ణమని అర్థం. ఎక్కడ దిగారో అక్కడే నింపి తేడా డబ్బు వెనక్కి అడగవచ్చు. ఆలస్యం చేస్తే ఏ రోజు ఎక్కడ దిగారో మీకే గుర్తుండదు. ఫోను, కార్డు గందరగోళంలో నాకు పడిన ఆ రెండు గరిష్ఠ ఛార్జీల సంగతి నేను చూసుకున్నది మూడు నెలల తరువాత.